మద్దిలేటి కలిపిన నీళ్లు

మంగళవారం నుంచి వకుళ చేతిలో కోడిపేగు మాట వినడం మానేసింది.

నవ్వకండి. ఆ మెడికల్ కాలేజీ ఫార్మకాలజీ డిపార్ట్‌మెంటులో కోడిపేగు మాట వినకపోతే ఎం.డి. డిగ్రీ చేతికి రాదు. చికెన్ కొట్టు నుంచి తెచ్చిన పేగులో రెండంగుళాల ముక్క కోసి, లవణాలూ చక్కెరా కలిపిన గోరువెచ్చటి నీళ్లున్న గాజు గొట్టంలో వేలాడదీస్తారు. కిందినుంచి గాలి బుడగలు వదులుతారు. ముక్కకి కట్టిన దారం ఒక సన్నటి పుల్లని లాగుతుంది. ఆ పుల్ల చివరున్న సూది, మసి పట్టించిన కాగితం చుట్టుకుని మెల్లగా తిరిగే డ్రమ్ము మీద తెల్లటి గీత గీస్తుంది. నీళ్లలో మందు పడితే పేగు ముడుచుకుంటుంది, గీత పైకి లేస్తుంది. కోడి ప్రాణం ఎప్పుడో పోయినా, పేగుకి ఆ సంగతి కొన్ని గంటల దాకా తెలియదు.

వకుళ గీత లేవడం లేదు. పొద్దున మొదటి డోసుకి మాత్రం నిటారుగా లేస్తుంది. ఆ తర్వాత ఎంత మందు పోసినా నేల మీద పాకుతుంది. థీసిస్ ఇవ్వడానికి సరిగ్గా మూడు వారాలుంది. పెద్దవాళ్లు కడుపునొప్పికి తాగించే ఒక వేరు కషాయం పేగు ముడుచుకోవడాన్ని ఆపుతుందా లేదా అన్నది ఆ పిల్ల థీసిస్. అసలు పేగు ముడుచుకుంటే కదా, ఆపడం!

గురువారం మధ్యాహ్నం వకుళ టైపు చేయించిన కాగితం ఒకటి పట్టుకుని ఖాజా సార్ గదిలోకి వెళ్లింది.

ఖాజా మొహియుద్దీన్ సార్ డిపార్ట్‌మెంటు హెడ్. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడత. గంట పాఠానికి పాతిక మాటలు ఖర్చు పెడితే ఎక్కువ. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. ఆయన మీకు ఏం నేర్పారని అడిగితే మాత్రం ఒక్కరూ వెంటనే చెప్పలేరు.

“సార్, మద్దిలేటి నీళ్లలో కాల్షియం వేయడం లేదు,” అంది వకుళ.

మద్దిలేటి ల్యాబ్ అటెండర్. ఇరవైతొమ్మిదేళ్లుగా ఆ నీళ్లు కలిపేది అతనే. అన్ని లవణాలూ కరిగాక, ఆఖరున కాల్షియం చుక్క చుక్క వేస్తూ కలుపుతూ పోవాలి. తొందరపడి ముందే పోస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి, పారబోయాల్సిందే. వేయడమే మర్చిపోతే చూడటానికి నీళ్లు తేటగానే ఉంటాయి కానీ పేగు ముడుచుకోదు.

“వేయకపోవడం నువ్వు చూసినావా?” అన్నారు సార్.

“చూడక్కర్లేదు సార్, లెక్క సరిపోతోంది. మొదటి డోసుకి లేస్తోందంటే అది పేగులో ముందే దాచుకున్న కాల్షియం. అది అయిపోయాక బయటినుంచి అందాలి కదా? అందడం లేదు. మంగళవారమే కొత్త బ్యాచ్ నీళ్లు కలిపాడు. మంగళవారం నుంచే ఈ గొడవ.”

తెలివైన పిల్ల, అందులో సందేహం లేదు. తెనాలి అమ్మాయి, ఎం.బి.బి.ఎస్.లో గోల్డ్ మెడల్ తెచ్చుకుని వచ్చింది. ఆ లెక్కలో ఎవరూ వేలు పెట్టి చూపించగలిగే తప్పు లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సార్ కాగితం అందుకుని చదివారు. అది ప్రిన్సిపాల్‌కి రాసిన ఫిర్యాదు. కింద హెడ్ సంతకానికి చోటుంది. రెండు నెలల కింద మద్దిలేటి చేతిలోంచి ఒక డ్రమ్ము జారిపడి విరిగింది. అప్పుడే ప్రిన్సిపాల్ అందరి ముందూ అతన్ని నిలబెట్టి, ఇంకొక్క కాగితం వస్తే సస్పెండ్ చేసి ఇంటికి పంపుతానన్నాడు. మద్దిలేటికి ఇంకో పది నెలల సర్వీసుంది. ఈ వయసులో మచ్చపడి ఇంటికి పోవడమంటే ఏమిటో వకుళకి తెలియకపోలేదు. తెలిసే టైపు చేయించింది. నా చదువు మాత్రం నాశనం అవ్వాలా అనుకుంది.

సార్ సంతకం పెట్టలేదు. పెట్టననీ అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

“రేపు పొద్దున పేగు పెట్టు. నేను వస్తా.”

శుక్రవారం ఎనిమిదింటికి వకుళ వచ్చేసరికి, మద్దిలేటి అప్పటికే చికెన్ కొట్టుకి వెళ్లి పేగు తెచ్చి, చల్లటి నీళ్లలో ఉంచి, గాలి గొట్టం బిగించి, డ్రమ్ముకి కాగితం చుట్టి మసి పట్టించి పెట్టాడు. అన్నీ చేసి బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టైపు కొట్టిన గుమాస్తా నోట్లో నువ్వుగింజ నానదు. కబురు రాత్రికే అతనికి చేరింది.

“మేడమ్,” అని, నీళ్లు కలిపే గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. “నేను వేసినా మేడమ్ కాల్షియం. చుక్క చుక్కే వేసినా. మా ఇంట్లో అన్నం మీద ఒట్టు. అయినా వయసు అయిపాయ కదా, నాకు తెలీకుండా యాడన్నా తప్పు జరిగిందేమో. నా మూలంగా మీ చదువు చెడిపోవద్దు. ఇంకెవరితోనన్నా కలిపించుకోండి.”

వకుళకి ఒక్క క్షణం ఎక్కడో కలుక్కుమంది. వెంటనే సర్దుకుంది. తప్పు జరిగిందేమో అని వాడే అంటున్నాడు కదా!

“సార్ వస్తున్నారు. ఆయన చూసుకుంటారు,” అంది తల ఎత్తకుండా.

మద్దిలేటి భుజం మీది తువ్వాలు సర్దుకుని వరండాలోకి పోయి బెంచీ మీద కూర్చున్నాడు.

సార్ వచ్చేలోపే సాక్ష్యం సిద్ధంగా ఉంచాలని వకుళ పని మొదలుపెట్టింది. ఆ ల్యాబ్‌లో పాత పద్ధతి ఒకటుంది. మందు వేశాక ఒకటిన్నర నిమిషం ఆగి, నీళ్లు వదిలేసి, కొత్త నీళ్లతో మూడుసార్లు కడిగి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాతే రెండో డోసు. రెండో సంవత్సరం పిల్లలు గోడ గడియారం చూస్తూ ఆవులిస్తూ చేసే పని అది. వకుళకి అంత తీరిక ఎక్కడిది? సోమవారం రాత్రి క్యాలెండర్‌లో మిగిలిన రోజులు లెక్కపెట్టుకుని గుండెల్లో రాయి పడ్డాక, మంగళవారం నుంచి ఐదు నిమిషాలని ఒకటి చేసింది. మూడు కడుగుళ్లని ఒకటి చేసింది. పేగుని మేలుకొలుపుదామని మొదటి డోసే పెద్దది వేయసాగింది. గీత పడిపోయేకొద్దీ రెట్టింపు, దానికి రెట్టింపు. ఇవాళా అంతే. మొదటి డోసుకి గీత తాటిచెట్టంత లేచింది. ఆ తర్వాత పాకుడే. చివరి డోసు వేసి, కడగను కూడా కడగకుండా, అలాగే వదిలేసి నిలబడింది. సార్ కళ్లారా చూడాలని.

తొమ్మిదింపావుకి సార్ వచ్చారు. డ్రమ్ము చూశారు. నీళ్లలో వేలాడుతున్న పేగు ముక్క చూశారు. బల్ల మీది తాళంచెవి కూడా చూశారు.

“ఇవి మద్దిలేటి నీళ్లేనా?”

“అవే సార్. మంగళవారం బ్యాచ్.”

సార్ డ్రమ్ము ఆపేశారు. గాజు గొట్టం కింద బిరడా తిప్పి నీళ్లు వదిలేశారు. పై సీసాలోంచి మళ్లీ అవే నీళ్లు నింపారు. వదిలేశారు. నింపారు. వదిలేశారు. మళ్లీ నింపారు. అప్పుడు ఒక స్టూలు లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

అంతే. ఇంకేమీ చేయలేదు.

ఐదు నిమిషాలయింది. వకుళ సిరంజి అందుకోబోయింది. సార్ ఒక వేలు ఎత్తారు. ఆగింది. పది నిమిషాలయింది. బుడగలు బుడబుడమంటున్నాయి. వకుళకి ఒళ్లు మండుకొస్తోంది. అవే నీళ్లతో ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం? లేని కాల్షియం ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది? పెద్దాయనకి చాదస్తం ముదిరింది అనుకుంది. పైకి మాత్రం, “పేగు చచ్చిపోతుందేమో సార్,” అంది.

“చావదులేమ్మా,” అన్నారు సార్.

ఇంకో ఐదు నిమిషాల తర్వాత ఆయనే అడిగారు. “వకుళా, నువ్వు వేసే మందు కణం లోపలికి పోతుందా?”

వకుళ ముఖం ఎర్రబడింది. రెండో సంవత్సరం పిల్లల్ని అడిగే ప్రశ్న అది.

“పోదు సార్. కణం పైపొర కొవ్వు పొర. ఈ మందుకి దాంట్లో దారి లేదు. పొర పొడుగునా రిసెప్టర్లు గుచ్చుకుని ఉంటాయి. ఒక కొస బయటికి, ఒక కొస లోపలికి. మందు వచ్చి బయటి కొసకి సరిగ్గా అతుక్కుంటే, రిసెప్టర్ కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలికకి లోపలి కొస దగ్గరున్న ప్రోటీన్ మేలుకుంటుంది. అది ఇంకోదాన్ని లేపుతుంది. అలా బయట ఒక్క అణువు తాకితే లోపల వేల అణువులు కదులుతాయి. ఆఖరికి కాల్షియం పొంగుతుంది, కండ ముడుచుకుంటుంది.”

“మందు మాత్రం బయటే.”

“బయటే సార్. లోపలికి పోయేది కబురే.”

“అన్ని మందులకీ పలుకుతుందా?”

“లేదు సార్. ఏ రిసెప్టర్‌కి పట్టే మందుకి ఆ రిసెప్టర్ పలుకుతుంది. వేరేది పక్కనే ఉన్నా పట్టించుకోదు.”

“మరి పట్టే మందు, వచ్చి కూర్చుని, లేవకపోతే?”

వకుళ ఠక్కున నోరు తెరిచింది. “అప్పుడు రిసెప్టర్ మొద్దుబారుతుంది సార్. బయట అతుక్కున్నా లోపలికి కబురు పోదు. ఇంకా అలాగే ఉంటే రిసెప్టర్లని కణం పొర మీంచి లోపలికి లాగేసుకుంటుంది. మందు ఎంత పోసినా పలికేవాళ్లు ఉండరు. మందు తీసేసి, కాసేపు వదిలేస్తే, మళ్లీ...”

అక్కడ ఆగిపోయింది.

సార్ ఆమె వైపు చూడటం లేదు. బుడగల వైపు చూస్తున్నారు.

“నా థీసిస్‌లో ముప్పయ్యొకటో పేజీలో బొమ్మ కూడా వేశాను సార్,” అంది వకుళ.

“చూసినా. బొమ్మ బాగుంది,” అన్నారు సార్.

తల కొట్టేసినట్టయింది వకుళకి. స్టూలు లేక కాదు, కూర్చోబుద్ధి కాక నిలబడే ఉంది. మంగళవారం నుంచి చేసినవన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. ఒక్క కడుగు, ఒక్క నిమిషం, రెట్టింపు, దానికి రెట్టింపు. మొదటి డోసుకి ఎందుకు లేచిందో, తర్వాత ఎందుకు లేవలేదో చెప్పడానికి కాల్షియం దాకా పోనక్కర్లేదు. కానీ అది తన లెక్క. ఇంతకు ముందు లెక్క కూడా ఇలాగే సరిపోయింది! ఏది నిజమో చెప్పాల్సింది ఆ రెండంగుళాల ముక్కే.

నిజంగానే నీళ్లలో తప్పుంటే? అప్పుడు గీత లేవదు. కాగితం మీద సార్ సంతకం పెడతారు. తను అన్నమాటే నెగ్గుతుంది. నిన్నటి దాకా ఆమెకి కావాల్సింది అదే. ఇప్పుడు వరండాలో బెంచీ కిర్రుమన్నప్పుడల్లా ఆమె ప్రాణం విలవిల్లాడుతోంది. లేవాలి, స్వామీ, గీత లేవాలి అని లోపల్లోపల మొక్కుకోవడం మొదలుపెట్టింది. నేను తప్పయినా ఫరవాలేదు, నీళ్లు మంచివైతే చాలు.

ముప్పావుగంట గడిచింది. సార్ లేచి ఇంకోసారి కడిగారు. సిరంజి అందుకుని మందు లాగారు. వకుళ వంగి చూసింది. సిరంజిలో ఉన్నది ఒకటి రెండు చుక్కలు. పొద్దున తను ఆఖరున పోసిన దాంట్లో పదహారో వంతు కూడా ఉండదు. ఇంత కొంచెమా సార్ అనబోయి, నోరు మూసుకుంది.

సార్ డ్రమ్ము మళ్లీ తిరగనిచ్చారు. మందు నీళ్లలో వేశారు.

సూది తిన్నగా గీస్తూ పోయింది. ఒక సెకను. రెండు. మూడు. అంతలో పుల్ల వణికింది. దారం బిగిసింది. నల్లటి మసి మీద తెల్లటి గీత మెల్లగా ఒంగి, పైకి, ఇంకా పైకి, తొందర లేకుండా ఎక్కుతూ పోయి, వేలెడెత్తున నిలబడింది.

“అమ్మయ్య!” అనేసింది వకుళ గట్టిగా. ల్యాబంతా వినబడింది. సిగ్గేసింది కూడా. కానీ మూడు రోజులుగా ఎక్కడో పట్టేసిన ఊపిరి ఒక్కసారి వదిలితే అట్లాగే ఉంటుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. థీసిస్ గట్టెక్కుతుందన్న సంగతి ఆమెకి ఆ తర్వాత చాలాసేపటికి గానీ గుర్తుకు రాలేదు.

సార్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె ముందు పెట్టారు.

“సంతకం పెట్టాల్నా?”

వకుళ తల అడ్డంగా ఊపింది. కాగితాన్ని చించి, ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలుగా చించి, బల్ల కింది బుట్టలో పడేసింది. తాళంచెవి తీసుకుని వరండాలోకి వెళ్లింది.

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో తాళంచెవి చూసి ఏమనుకున్నాడో, ముఖం పాలిపోయింది.

“ఏమాయ మేడమ్? నీళ్లు...?”

“నీళ్లు బాగున్నాయి అన్నా.” ఇన్నాళ్లలో ఆమె అతన్ని అన్నా అనడం అదే మొదటిసారి. “చాలా బాగున్నాయి. తప్పు నాది. కడగాల్సినన్ని సార్లు కడగలేదు, ఆగాల్సినంతసేపు ఆగలేదు. నింద నీ మీద వేశాను. నన్ను క్షమించు.”

మద్దిలేటి బెంచీ మీద కూలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వకుళకి ఏం చేయాలో తోచక పక్కనే కూర్చుంది.

“నీళ్లు పాడైన మాట ఎప్పుడూ లేదు మేడమ్,” అన్నాడు తువ్వాలు లోంచే. “ఎప్పుడూ లేదు. రాత్రంతా అదే మా ఇంటిదానికి చెప్తాంటి. నాకే నమ్మకం పోయె.” ముఖం తుడుచుకుని తాళంచెవి తీసుకున్నాడు. మొలతాడుకి కట్టుకుంటూ ఒక్కసారి నవ్వాడు. “ఇంగ మీరు దినానికి ఎన్ని సీసాలు కావాల్నో చెప్పండి. మూడు మూడుసార్లు కడిగితే ఇప్పుడున్నవి చాలవు.”

“ఎక్కువే కావాలి,” అంది వకుళ. ఇద్దరూ నవ్వారు.

అతను నీళ్లు కలిపే గది వైపు వెళ్లాక, వకుళ లోపలికి వచ్చింది. సార్ ఇంకా స్టూలు మీదే ఉన్నారు. డ్రమ్ము ఆపి, పేగు వైపే చూస్తున్నారు.

మనసు తేలికపడితే నోరు ఊరుకోదు కదా. “సార్, నిన్ననే మీకు తెలిసిపోయింది. అవునా? నేను కడగడం లేదని డ్రమ్ము కాగితాలు చూస్తేనే తెలుస్తుంది. ఆ కాగితం నిన్ననే నా ముఖాన కొట్టి, తప్పు నీదే అనొచ్చు కదా?”

“అంటే నమ్ముతావా?”

వకుళ నిజాయితీగా ఆలోచించింది. “నమ్మను సార్. మీరు మద్దిలేటిని వెనకేసుకొస్తున్నారనుకునేదాన్ని.”

సార్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆ రోజుకి ఆయన ఖర్చు పెట్టాల్సిన మాటలు అప్పటికే అయిపోయాయని వకుళ అనుకుంది. కానీ ఆయన చెప్పారు.

“మద్దిలేటికి ముందు ఈ నీళ్లు కలిపేది ఓబులేసు అని ఒకాయన. నేనప్పుడు నీ వయసులో ఉంటి. అచ్చం ఇట్లాంటి కాగితమే రాసినా.” కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “మా ప్రొఫెసర్ సంతకం పెట్టినాడు.”

వకుళ బిరడా తిప్పి నీళ్లు వదిలింది. కొత్త నీళ్లు నింపింది. మూడుసార్లు కడిగి, గడియారం వైపు చూడకుండా, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.